గోడ దగ్గరి కుర్చీ

మనస్తత్వశాస్త్రం వాళ్ల ప్రయోగశాలలో రెండు గదులకీ మధ్య ఉన్న గోడంటే త్రాసుకి గొప్ప నమ్మకం. గోడ పైభాగాన ఒక వెంటిలేటరు ఉంటే, తనే నిచ్చెన వేసుకుని ఎక్కి దానికి అట్టముక్క కొట్టి, అంచుల వెంబడి జిగురు కాగితం అంటించాడు. తలుపు కింద సందులో పాత గోనెగుడ్డ కుక్కాడు. "చీమ దూరితే నన్నడగండి సార్" అన్నాడు ప్రొఫెసరుతో. ఊరికే గొప్పలు పోయే మనిషి కాదతను. ఏళ్ల తరబడి అక్కడ ల్యాబ్ అసిస్టెంటుగా చేస్తున్నాడు. రీడింగు ఎంత వస్తే అంతే చెబుతాడు గానీ, ఎవరు కన్నెర్రజేసినా రవ్వంత ఎక్కువ తక్కువ చెప్పడు. పరీక్షల రోజుల్లో విద్యార్థులు కాళ్లావేళ్లా పడ్డా కరగడు. అలాంటి వాళ్లెవరో కడుపుమండి పెట్టిన త్రాసు అన్న పేరు అతనికి అతుక్కుపోయింది. వెక్కిరింపుకి పెట్టిన పేరే అయినా లోలోపల అతనికది బిరుదులాగే ఉండేది.

ఈసారి ఆ గోడకి ఇటువైపు త్రాసు, అటువైపు కాజాల ఆవిడ.

ఆమె బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాజాలు కుట్టే మనిషి. భర్త ఊరికి నీళ్లు తెచ్చే సొరంగం పనిలో ఉండేవాడు. ఆ సొరంగం కూలింది. లోపల చిక్కుకున్నవాళ్ల కోసం కొన్నాళ్లు తవ్వి, ఇక ఎవరూ బతికుండరని తేల్చి, పని ఆపేశారు. కొండ ఇంకా కిందికి దిగకుండా సొరంగాన్ని కాంక్రీటుతో నింపి మూసెయ్యాలని ప్రమాదం మీద వేసిన కమిటీ తీర్మానించింది. మిగతా ఇళ్లవాళ్లు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నారు. ఈమె ఊరుకోలేదు. "మా ఆయన పిలుస్తున్నాడు, నాకు తెలుస్తోంది" అంది. ఏ పూట ఎలా ఉన్నాడో కూడా చెప్పింది. పత్రికలవాళ్లకి అంతకంటే ఏం కావాలి? ఫొటోతో సహా వేశారు.

కమిటీ పెద్ద అయిన ఇంజనీరుకి తల బొప్పి కట్టింది. ఆయనా ప్రొఫెసరూ చదువుకునే రోజుల్నుంచీ స్నేహితులు. "ఆమెకి నిజంగా ఏదో తెలుస్తోందని నువ్వు పరీక్ష పెట్టి రాసివ్వు. పక్కదారి తెరిపించి ఒక్కసారి మనుషుల్ని దింపుతా. తేలకపోతే మాత్రం ఈ గోల ఇంతటితో ఆగాలి" అన్నాడు ఇంజనీరు. ప్రొఫెసరుకి ప్రాణం లేచొచ్చింది. ఒక మనసులోది నోటితో చెప్పకుండా ఇంకో మనసుకి అందుతుందా అని చూడటంలోనే ఆయన జుట్టు తెల్లబడిపోయింది. అందుతుందని ఒక్కనాడూ తేల్చలేకపోయాడు పాపం.

పరీక్ష పద్ధతి చూడటానికి తేలికే. త్రాసు గదిలో బల్ల మీద ఒక దీపపు పెట్టె. పక్కన చట్రాలు బిగించిన గాజుపలకలు అయిదు. వాటి మీద బొమ్మలు: గొడుగు, చెట్టు, చేప, నిచ్చెన, తాళం. సంచీలో చెయ్యిపెట్టి ఒక బిళ్ల తియ్యాలి. దాని మీద ఏ బొమ్మ పేరుంటే ఆ పలకని పెట్టె గాడిలోకి దింపాలి. మీట నొక్కితే పెట్టె వెలుగుతుంది, అవతలి గదిలో ఎర్ర బల్బూ వెలుగుతుంది. ఇక త్రాసు పని ఆ బొమ్మనే కళ్లార్పకుండా చూస్తూ మనసులో పెట్టుకోవటం. అవతల ఆమె తనకేం తోచిందో చెప్పాలి. పక్కన కూర్చున్న ప్రొఫెసరు అది రాసుకుని గంట మోగిస్తాడు. ఇటు త్రాసు సరైన బొమ్మ తాలూకు మీట నొక్కి అటు దాని బల్బు వెలిగిస్తే, అది చూసి తప్పో ఒప్పో ఆమెకి అక్కడికక్కడే చెబుతాడు. అలా చెబితేనే మనిషికి హుషారుగా ఉంటుందని ఆయన అభిప్రాయం.

మొదటి రోజు ఆమె చెప్పినవి గుడ్డిగా చెప్పినట్టే ఉన్నాయి. మర్నాటికి కాస్త నయం. ఆ తర్వాత సగానికి పైగా ఒప్పులే. ప్రొఫెసరు గది నుంచి బయటికొచ్చి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

పరీక్షల మధ్య విరామంలో ఆమె వరండాలో బల్ల మీద కూర్చునేది. పని లేనప్పుడు కూడా కుడిచేతి వేళ్లు సూది పట్టినట్టే ఒళ్లో కదులుతూ ఉండేవి. త్రాసు టీ తెచ్చిచ్చేవాడు.

"మీ పెట్టె బాగా పాతదా అన్నయ్యా?" అని అడిగింది ఒకసారి.

"నాకంటే పాతదమ్మా. రేకు చట్రాలు రెండు విరిగిపోతే చెక్కతో నేనే చేసి బిగించా. కొత్తవి కొనమంటే ఎవరు కొంటారు?"

"ఊఁ" అని ఆమె టీ తాగింది.

ఆమె మొహం అతను సూటిగా చూడలేకపోయేవాడు. నిద్రలేని కళ్లు, నూనె చూడని జుట్టు. బతికున్న మనిషిని రాళ్ల కింద వదిలేసి తలుపు మూస్తారట, ఇదెక్కడి న్యాయం అనుకునేవాడు. కొలిచి చూడందే దేన్నీ నమ్మని మనిషి, ఈ ఒక్కసారికి కొలత ఆమె వైపు మొగ్గితే బాగుండునని కోరుకున్నాడు. అలా కోరుకున్నందుకు తన మీద తనకే అనుమానం వచ్చింది.

ఇంట్లో ఇంకో కథ.

"ఇవాళేమైంది? ఎన్ని చెప్పింది?" చెప్పులు విప్పకముందే అడిగింది భార్య.

"సగానికి పైనే."

"చూశారా మరి!" అంటూ ఆమె గోడ వైపు చూసింది.

గోడకి ఆనించి ఒక చిన్న కుర్చీ ఉంది. వాళ్ల పాపది. పాప పోయాక కూడా ఆమె ఆ కుర్చీని భోజనాల బల్ల దగ్గరే ఉంచేది. పాప వస్తోందనీ, తను వంటింట్లో తిరుగుతుంటే వెనకాల నిలబడుతోందనీ, తనకి తెలుస్తోందనీ చెప్పేది. కొన్నాళ్లు విన్నాడు. ఒకరోజు వినలేక కుర్చీ తీసి గోడ దగ్గర పెట్టేశాడు. "ఉత్తమాటలు నా దగ్గర చెప్పకు. ఋజువు చూపించు, నా చేత్తో నేనే దీన్ని మళ్లీ బల్ల దగ్గరికి జరుపుతా" అన్నాడు. ఆ మాట అన్నవాడు మరిచిపోయినా విన్న మనిషి మరిచిపోలేదు.

"ఆమె మొగుడి సంగతి ఆమెకి తెలిసినప్పుడు, నా బిడ్డ సంగతి నాకెందుకు తెలియదు?" అంది కంచాలు సర్దుతూ.

"ఇంకా తేలలేదు. తేలనీ."

"తేలుతుంది. మీరే చూస్తారు." ఆమె మొహంలో ఎన్నాళ్లకో ఒక కళ కనిపించింది. త్రాసు తల వంచుకుని తిన్నాడు.

మర్నాడు టీ వేళకి ప్రొఫెసరు మంచి ఊపు మీదున్నాడు. వాళ్లనీ వీళ్లనీ పిలిచి చెప్పటానికి ఇంకా ధైర్యం చాలక, దొరికిన త్రాసునే కూర్చోబెట్టుకున్నాడు.

"ఒక విచిత్రం చెబుతా విను. తాళం బొమ్మ ఆమె ఎప్పుడూ తప్పదు. ఒక్కసారి కూడా! ఎందుకంటావ్? ఆమె మనసంతా ఆ మూసిన సొరంగం మీదే ఉంది. తాళమంటే మూసిన తలుపు. అర్థమైందా?"

"అయింది సార్."

"ఇంకోటి. చేప పెడితే ఒక్కోసారి నిచ్చెన అంటుంది. నిచ్చెన పెడితే చేప అంటుంది. వేరే ఏదీ అనదు. నీళ్లలోంచి పైకి ఎక్కి రావటం! ఆమె మనసులో ఆ రెండూ ఒకటైపోయాయి. అట్లాగే గొడుగూ చెట్టూ. రెండూ మనిషికి నీడనిచ్చేవే కదా. మొగుడి నీడ! ఎంత లోతుగా ఉందో చూడు."

త్రాసు చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. చేప, నిచ్చెన. ఆ రెండింటికే తను చెక్క చట్రాలు చేసి బిగించాడు. గొడుగుకీ చెట్టుకీ పాత రేకు చట్రాలే. తాళానిదీ రేకుదే, కానీ ఒకసారి కిందపడి మూల వంగి, గాజు వదులై గలగలలాడుతూ ఉంటుంది. టీ చల్లారిపోయింది. అతను తాగలేదు.

అందరూ భోజనానికి వెళ్లాక వరండా ఊడ్చే అవ్వని పిలిచాడు. "అవ్వా, ఈ పలకలు నీ ఇష్టమొచ్చిన వరసలో ఈ గాడిలో వేసి తీస్తూ ఉండు. నేను అవతల కూర్చుంటా."

"ఇదేం ఆట నాయనా ఈ వయసులో?" అని నవ్వి అవ్వ చీపురు పక్కన పెట్టింది.

త్రాసు వెళ్లి కాజాల ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. తలుపు వేసి ఉంది. గోనెగుడ్డ కుక్కే ఉంది. కళ్లు మూసుకున్నాడు. మొదట ఏమీ లేదు. తర్వాత, వెంటిలేటరు దగ్గర్నుంచి, సన్నగా ఒక టంగుమన్న చప్పుడు. రేకు. కాసేపటికి మొద్దుగా ఒక దెబ్బ. చెక్క. మళ్లీ టంగు. ఆ తర్వాత చిన్నగా గలగల. నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే, తను ఎంతో శ్రద్ధగా అంటించిన జిగురు కాగితం ఒక మూల ఎండి లేచిపోయి ఉంది. చీమేం ఖర్మ, బల్లి కూడా దూరుతుంది.

అవ్వ వెళ్లిపోయింది. అతను ఆ కుర్చీలో చాలాసేపు కూర్చున్నాడు. తప్పు ఆమెదని అతనికి ఒక్క క్షణం కూడా అనిపించలేదు. చెవిన పడ్డ చప్పుడు ఆమెకి తెలియకుండానే బొమ్మగా మారి ఉంటుంది. తనకేదో శక్తి ఉందని పాపం ఆమె నిజంగానే నమ్ముతోంది. ఆ నమ్మకం మీద మొగుడు బతికున్నాడన్న కొండంత ఆశ పెట్టుకుంది. మరి ఇదంతా ప్రొఫెసరుకి చెప్పెయ్యాలా? చెబితే ఇప్పుడే అంతా అయిపోతుంది. చెప్పకపోతే అబద్ధపు కొలత మీద మనుషుల్ని కూలే కొండలోకి దింపుతారు. అందులో ఇంకెవరి మొగుడైనా పోతే?

ఆలోచించగా ఆలోచించగా అతనికి ఒక దారి తోచింది. చప్పుడు తీసేస్తే సరి. చప్పుడు లేకపోయినా ఆమె చెప్పగలిగితే అంతకంటే ఋజువు ఏముంటుంది? అప్పుడు పక్కదారి తెరిపించవచ్చు, ఎవరికీ భయపడక్కర్లేదు. నిజమైనదానికి గుడ్డముక్క అడ్డమొస్తుందా? ఆ నిమిషంలో అతనికి కనిపించింది కాజాల ఆవిడ మొహం కాదు, గోడ దగ్గరి చిన్న కుర్చీ.

పాత ఉన్ని గుడ్డని సన్నగా పట్టీలు కత్తిరించాడు. ఒక్కో చట్రం అంచుకీ జిగురు రాసి, పట్టీ పెట్టి, బొటనవేలితో వత్తాడు. గాడి అడుగున ఒక పట్టీ. తాళం గాజుకి సందుల్లో కాగితం మడిచి బిగించాడు. వెంటిలేటరు మూల మళ్లీ అంటించాడు. పలకలన్నీ ఒక్కోటే దింపి చూశాడు. ఏ చప్పుడూ లేదు. చేసిన పని శుభ్రంగా వచ్చినప్పుడు కలిగే తృప్తి కలిగింది.

ఆఖరి పరీక్ష చూడటానికి ఇంజనీరు స్వయంగా వచ్చాడు. మర్యాదస్తుడు. కాజాల ఆవిడకి నమస్కారం పెట్టి, "మీకు మంచి జరగాలనే నేనూ కోరుకుంటున్నానమ్మా" అన్నాడు. ఆమె ఉతికిన చీర కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చింది. తలుపు మూసేముందు త్రాసు వైపు చూసి చిన్నగా నవ్వింది. ఇన్నాళ్లలో ఆమె నవ్వటం అదే మొదలు.

త్రాసు బిళ్ల తీశాడు. చేప. పలక దింపాడు, మీట నొక్కాడు. అంతవరకూ ఎన్నడూ చూడనంత గట్టిగా ఆ చేపని చూశాడు. దాని తోక, మొప్పలు, గుండ్రటి కన్ను. చేపమ్మా చేప, చేప అని పెదాలు కదలకుండా గొంతులోనే అనుకున్నాడు. మామూలుగా అవతల్నుంచి గంట త్వరగా మోగేది. ఇవాళ మోగలేదు. ఎంతసేపటికో మోగింది. తర్వాత గొడుగు. తర్వాత తాళం. తాళాన్ని చూస్తుంటే అతని కళ్లవెంట నీళ్లు కారాయి. చివరి పలక తీసేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. నా చేతనైనంతా పంపాను తల్లీ అనుకుంటూ తలుపు తీశాడు.

ఇంజనీరు లేచి నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ప్రొఫెసరు కాగితం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎవరైనా కళ్లు మూసుకుని చెప్పినా వచ్చేటన్ని ఒప్పులే వచ్చాయి, అంతకి ఒక్కటీ ఎక్కువ కాదు. కాజాల ఆవిడ చేతులు ఒళ్లో ఉన్నాయి. వేళ్లు కదలటం లేదు.

"శక్తి ఎప్పుడూ ఒక్కలా ఉండదు, అలసట…" అని మొదలెట్టాడు ప్రొఫెసరు.

"నాకు అర్థమైంది" అన్నాడు ఇంజనీరు మెల్లగా. ఆమె వైపు తిరిగి, "మీ బాధ నాకు తెలుసమ్మా. ఇంకేదైనా సాయం కావాలంటే ఆఫీసుకి రండి" అన్నాడు. కారు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

బస్టాపు దాకా ఆమెతో పాటు నడిచాడు త్రాసు. వీధిలో జనం కూరలు బేరమాడుతున్నారు, సైకిళ్లు బాగుచేస్తున్నారు. చెప్పటం తన బాధ్యత అనుకున్నాడు. లేని శక్తి పోయిందని ఆమె జీవితాంతం కుమిలిపోకూడదు.

"అమ్మా, ఒక మాట. మీ తప్పేం లేదు. మొదట్నుంచీ మీకు బొమ్మ తెలిసింది మనసుతో కాదు. పలకలు…"

"గుడ్డ అంటించారా?" అంది ఆమె.

త్రాసు ఆమె వైపు తిరిగాడు.

"అంటించే ఉంటారు. అంతకుముందు టంగుమనేది, దబ్బుమనేది. ఇవాళ మూగబోయింది."

"మీకు తెలుసా?"

"చెవులున్నాయి కదన్నయ్యా. చెక్కవి రెండు నేనే చేశానని మీరే చెప్పారు. పెద్దాయన తప్పో ఒప్పో ఎప్పటికప్పుడు చెబుతూనే ఉన్నాడు. ఏ చప్పుడు దేనిదో తెలుసుకోవటానికి ఎంతసేపు?"

"మరి… మీ ఆయన పిలుస్తున్నాడని…"

"ఏ పిలుపూ లేదు." ఆమె రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "సైరన్ మోగిన పూటే తెలుసు, ఇక రాడని. బతికున్నాడంటేనే తవ్వుతారు. చచ్చిపోయాడు, ఒళ్లైనా ఇవ్వండి అంటే ఎవరు తవ్వుతారు? అడిగానుగా అందర్నీ. కాళ్లు పట్టుకున్నా. ఒక్కడూ వినలేదు. పిలుస్తున్నాడన్నాను, కార్లు వేసుకొచ్చారు."

త్రాసు నిలబడిపోయాడు.

"ఆయన్ని కాంక్రీట్లో పెట్టేసి, పక్కనుంచి ఇంకో దారి తవ్వి ఊరికి నీళ్లు తెస్తారట. కుళాయి తిప్పినప్పుడల్లా నేనేం అనుకోవాలి అన్నయ్యా? ఏదో ఒకటి తెచ్చిచ్చి, ఇదిగో నీ మొగుడు అంటే, ఏడ్చి ఊరుకునేదాన్ని."

"ముందే నాతో ఒక్క మాట అనుంటే…"

"ఎట్లా అంటాను? మిమ్మల్ని త్రాసు అంటారు కదా."

ఆ మాటలో వెక్కిరింపు లేదు. ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది. బస్సు మలుపు తిరిగి కనిపించింది.

"ఇంకోసారి పెడతారేమో అడుగుతారా?" అంది చిల్లర తీసుకుంటూ. "కాంక్రీటు ఎప్పుడు పోస్తారో ఇంజనీరు గారు చెప్పలేదు. టైముంటుందేమో."

"అడుగుతానమ్మా. తప్పకుండా."

మర్నాడు ప్రొఫెసరు రాకముందే త్రాసు ప్రయోగశాల తెరిచాడు. బ్లేడు పెట్టి చట్రాల మీది ఉన్ని పట్టీలన్నీ గీకేశాడు. గాడి అడుగున ఉన్నదీ ఊడదీశాడు. తాళం గాజు సందుల్లోంచి కాగితం లాగేశాడు. పలక దింపి చూశాడు. గలగలమంది. నిచ్చెన ఎక్కి జిగురు కాగితం మూల కూడా పీకేశాడు. దిగి, చేతులు కడుక్కుని, వాకిట్లో నిలబడ్డాడు.

"సార్, నిన్నటి పరీక్ష చెల్లదు" అన్నాడు ప్రొఫెసరు మెట్లెక్కుతుండగానే. మాట వణక్కుండా వచ్చినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది. "నాకు నిన్న జ్వరం. నిలబడలేకపోయా. మీటలు నొక్కాను గానీ ఒక్క బొమ్మా చూడలేదు. కళ్లు మూసుకుని కూర్చున్నా. నేను పంపందే ఆమెకి ఎట్లా అందుతుంది?"

"నువ్వా?" అన్నాడు ప్రొఫెసరు.

"తప్పైపోయింది సార్. ఇంజనీరు గారిని మళ్లీ రమ్మనండి. ఇవాళే పెడదాం."

ప్రొఫెసరు అప్పటికే ఫోను తిప్పుతున్నాడు. త్రాసు గుమ్మం పట్టుకుని నిలబడి ఆయన మొహాన్నే చూశాడు. "అవును… అవును, మా వాడే… ఎప్పుడు?… సగమా?… ఆపితే ఏమవుతుంది?… ఓహో." ప్రొఫెసరు ఫోను పెట్టేశాడు.

"తెల్లవారుజామునే మొదలుపెట్టారట. సగం పోశారు. మధ్యలో ఆపటానికి లేదట." ఫోను పక్కకి జరిపాడు. "పాపం, ఆ పిల్ల."

త్రాసు గుమ్మం వదల్లేదు.

ప్రొఫెసరు సొరుగులోంచి కాగితాలు తీశాడు. ఒకదాన్ని ఎత్తి వెలుగులో చూశాడు. ఆయన మొహంలోకి నెమ్మదిగా రంగు వచ్చింది. "కానీ నువ్వన్నది నిజం. పంపేవాడే పంపనప్పుడు అది పరీక్షే కాదు. అసలు, చూడు, ఇంకా మంచిదే అయింది! నువ్వు చూసిన రోజుల్లో ఆమెకి తెలిసింది. నువ్వు చూడని రోజున తెలియలేదు. ఇంతకంటే తిరుగులేని ఋజువు ఉంటుందా?" నిన్నటి అంకెల మీద నిలువునా గీత కొట్టాడు. "ఇంకెవడైనా వచ్చి జ్వరం కథ చెబితే నమ్మేవాణ్ణి కాదయ్యా. నువ్వు చెప్పావు కనక సరిపోయింది. నీ మాటకి తిరుగేముంది?"

త్రాసు నోరు తెరిచాడు. జరిగింది చెప్పెయ్యాలనే తెరిచాడు. చెబితే రేపు పత్రికల్లో ఆమెని దొంగది అంటారు. నిన్నటిదాకా ఫొటో వేసినవాళ్లే మళ్లీ అదే ఫొటో వేసి అంటారు. మొగుడు కాంక్రీటులో, ఆమె పత్రికల్లో. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"ఏమిటి?" అన్నాడు ప్రొఫెసరు.

"ఏం లేదు సార్. టీ తెస్తాను."

ఆ రోజు చేయవలసిన పనులన్నీ చేశాడు. బ్యాటరీలు చూశాడు. గాజుపలకలు మెత్తటి గుడ్డతో తుడిచి వరసగా పెట్టాడు. సాయంత్రం బస్టాపులో కాసేపు నిలబడ్డాడు. కాజాల ఆవిడ రాలేదు. ఎందుకొస్తుంది?

ఇంటికి వెళ్లేసరికి భార్య వీధి గుమ్మంలోనే ఉంది. ఆమెకి అప్పటికే సగం సంగతి తెలుసు. ప్రొఫెసరు భార్య కొట్టులో కనిపించి చెప్పిందట.

"ఋజువైందటగా?"

అతను చెప్పులు విప్పాడు. ఎప్పుడూ పెట్టే చోటే పెట్టాడు. లోపలికొచ్చి మంచినీళ్ల గ్లాసు అందుకుని తాగాడు. ఆమె వెనకాలే వచ్చింది.

"మిమ్మల్నే. మీ నోటితో చెప్పండి. వేరేవాళ్లు చెబితే నాకు నమ్మకం లేదు. మీరు చెబితేనే."

ఆమె కళ్లలోకి చూడలేక అతను గ్లాసు వైపు చూశాడు. కాదని చెప్పటానికి ఒక్క మాట చాలు. ఏళ్ల తరబడి అతను చేస్తూ వచ్చింది అదే.

"అయింది" అన్నాడు.

ఆమె మొహం చేతుల్లో దాచుకుని గోడకి ఆనుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుంది. కుర్చీ వైపు చూసింది, తర్వాత అతని వైపు చూసింది.

మాట ఇచ్చినవాడు అతను. గ్లాసు కింద పెట్టాడు. వెళ్లి ఆ చిన్న కుర్చీని రెండు చేతులా ఎత్తి, కాళ్లు నేలకి రాసుకుని చప్పుడు కాకుండా, తెచ్చి బల్ల దగ్గర పెట్టాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి మూడో కంచం కడగసాగింది.